చెడిన రుచి, కనబడని కారణం

కార్యాన్ని చూసి కారణాన్ని నిశ్చయించవచ్చా అన్నది తర్కశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. ఇంట్లో తయారుచేసుకున్న లాగర్ బీరులో ఉండకూడని రుచి తేలినప్పుడు ఆ ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. కార్యం నాలుక మీదే ఉంటుంది: వెన్న వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన, తడిసిన అట్టముక్క రుచి. కారణం మాత్రం ఎదుట ఉండదు. అది కొన్ని వారాల కిందట మరుగుతున్న గిన్నెలోనో, చల్లని అరలో మూసి ఉన్న పాత్రలోనో జరిగి ముగిసిపోయింది. తిరిగి వెళ్లి చూడటానికి వీలు లేదు. మిగిలింది అనుమానప్రమాణం, అంటే గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం, ఒక్కటే.

ఈ విచారణకు లాగర్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఏల్ రకాల బీర్లు 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పులుస్తాయి. ఆ వేడిలో ఈస్ట్ పండ్ల వాసనలు పుట్టిస్తుంది, వాటి చాటున చిన్న లోపాలు దాగిపోతాయి. లాగర్ సుమారు 8 నుంచి 13 డిగ్రీల మధ్య పులిసి, ఆ తర్వాత సున్నాకు దగ్గర్లో వారాల తరబడి నిలవ ఉంటుంది. దాని గొప్పతనమంతా రుచి శుభ్రంగా ఉండటంలోనే ఉంది కాబట్టి తప్పు ఎంత చిన్నదైనా బయటపడుతుంది. ఇందులో పనిచేసే ఈస్ట్ శాకరోమైసిస్ పాస్టోరియానస్ ఒక సంకరజాతి. దాని చలి తట్టుకునే పూర్వీకుడు శాకరోమైసిస్ యూబయానస్ అని శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించారు, అది దొరికింది దక్షిణ అమెరికాలోని పాటగోనియా అడవుల్లో. అమెరికాలో 1978లో ఫెడరల్ చట్టం ఒప్పుకున్నాక ఇంటి బీరు అక్కడ పెద్ద వ్యాపకమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా బీరు తయారీ నేరం గనుక ఇక్కడి పాఠకుడికి ఇది తర్కానికి ఉదాహరణగానే పనికొస్తుంది.

కారణం వెతకబోయే ముందు, కార్యం నిజంగా ఉందా అని తేల్చుకోవాలి. డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి ప్రమాణం గురించి రాసిన వ్యాసంలో డాన్ క్విహోటె నవల నుంచి ఒక కథ తీసుకున్నాడు. సాంకో పాంజా బంధువులు ఇద్దరిని ఒక పీపాలోని వైన్ రుచి చూడమంటారు. వైన్ బాగుంది గాని కాస్త తోలు వాసన ఉందంటాడు ఒకడు. బాగానే ఉంది గాని ఇనుము రుచి తగులుతోందంటాడు రెండోవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఇద్దరినీ చూసి నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన ఇనుప తాళంచెవి దొరుకుతుంది. సున్నితమైన నాలుక ఉన్నదని ఋజువు చేయడానికి హ్యూమ్ ఈ కథ చెప్పాడు. అది ఋజువైంది కూడా. అయితే ఆ పీపాలో కారణం చివరిదాకా అడుగునే ఉండిపోయింది. లాగర్‌లో అలాంటి తాళంచెవి దాదాపు ఎప్పుడూ దొరకదు. రుచి చెడగొట్టిన పరిస్థితి పోయాక రుచి ఒక్కటే నిలుస్తుంది. హ్యూమ్ కథ ప్రత్యక్షం విషయంలో ధైర్యమిస్తుంది గాని అనుమానం విషయంలో సాయం చేయదు.

ప్రత్యక్షం విషయంలోనైనా పూర్తి ధైర్యం తగదు. పిత్తం ముదిరినవాడికి చక్కెర చేదుగా తోస్తుందన్న ఉదాహరణను మన దర్శనకారులు భ్రమ గురించి చర్చించినప్పుడల్లా తెచ్చారు. దోషం వస్తువులో కాక ఇంద్రియంలో ఉండవచ్చు. వెన్న వాసనకు మూలమైన డయాసిటైల్ తేలికపాటి లాగర్‌లో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దగ్గర పడుతుండగానే చాలామందికి తెలిసిపోతుంది. కొందరికి అంతకు ఎన్నో రెట్లున్నా తెలియదు. పైగా నాలుగు గుక్కలు తాగేసరికి ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకే బీరు పరిశ్రమ మూడు గ్లాసుల పరీక్షను నమ్ముకుంది. మూడింటిలో రెండు ఒకే బీరు, ఒకటి వేరు. ఏది వేరో చెప్పాలి. ఏమీ తెలియనివాడు గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్పినంత మాత్రాన తేడా ఉన్నట్టు కాదు. బీరు చేసినవాడే రుచి చూసి, తానే తీర్పు చెప్పుకోవడం అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. అతనికి తాను ఎక్కడ తప్పు చేశానో అన్న భయం ముందే ఉంటుంది, నాలుక ఆ భయాన్ని అనుసరిస్తుంది.

కార్యం ఖాయమైందనుకుందాం. ఇక కారణం. గౌతముడి న్యాయసూత్రాలు అనుమానాన్ని మూడు విధాలుగా చెప్పాయి. వాటిలో శేషవత్తు అంటే కార్యం నుంచి కారణాన్ని ఊహించడమని భాష్యకారుడు వాత్స్యాయనుడి ఒక వివరణ. ఏరు పొంగింది, కాబట్టి ఎగువన వాన పడింది. దీనికి సూత్రాల రెండో అధ్యాయంలోనే ఆక్షేపణ ఉంది. ఏటికి ఎక్కడో అడ్డుకట్ట పడినా నీరు పొంగుతుంది గదా, అలాంటప్పుడు పొంగు వానకు గుర్తు ఎలా అవుతుంది? ఒకే కార్యానికి పలు కారణాలు ఉండగలిగితే ఈ రకం అనుమానం ప్రమాణమే కాదని పూర్వపక్షం. గౌతముడి సమాధానం క్లుప్తంగా ఉంటుంది, వాత్స్యాయనుడు దాన్ని విప్పి చెప్పాడు. వానకు గుర్తు ఊరికే పొంగు కాదు. నురగతో, పండ్లూ ఆకులూ కట్టెలూ కొట్టుకొస్తూ, వేగంగా దూకే పొంగు. అడ్డుకట్ట వల్ల వచ్చిన పొంగులో ఈ విశేషాలు ఉండవు. అంటే పలు కారణాలున్నది ఒకే కార్యానికి కాదు. వేరు వేరు కార్యాలను మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం, అంతే.

బీరులో వెన్న వాసన విషయంలో ఈ సమాధానం అక్షరాలా నిలబడుతుంది. ఈస్ట్ కణం వాలీన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునే దారిలో ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థం పుడుతుంది. దానిలో కొంత కణం దాటి బీరులోకి కారుతుంది, అక్కడ ఈస్ట్ ప్రమేయం లేకుండానే మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది. ఆ డయాసిటైల్‌ను ఈస్ట్ మళ్లీ లోపలికి తీసుకుని, రుచి దాదాపు తెలియని పదార్థాలుగా మార్చేస్తుంది. పుట్టించేదీ ఈస్టే, తుడిచేదీ ఈస్టే. తుడవడం పూర్తికాకముందే బీరును చల్లబరిచినా, ఈస్ట్‌ను వేరుచేసినా వెన్న మిగిలిపోతుంది. ఇది ఒక కారణం. పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా చొరబడినా వెన్న వాసనే వస్తుంది. పులియడం ముగిశాక హాప్స్ వేస్తే, వాటిలోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టి, పులియడం మళ్లీ మొదలై, వెన్న మళ్లీ పుట్టడమూ ఉంది.

అనుభవం లేనివాడు మూడింటినీ 'వెన్న' అంటాడు. నిదానించి చూసినవాడికి మూడూ వేరు. తొందరపడి చల్లబరచిన బీరులో వెన్న తప్ప మరో లోపం ఉండదు. పులుపు లేదు, తేట చెడలేదు, ఈస్ట్ ఇంకా ఉంటే నాలుగు రోజులు వెచ్చగా ఉంచితే పోతుంది. బ్యాక్టీరియా తెచ్చిన వెన్న ఒంటరిగా రాదు. వెంట పులుపు, మసక, ఒక్కోసారి తీగలా సాగే జిగురు వస్తాయి, వారం వారం ముదురుతుంది. హాప్స్ వల్ల వచ్చినదైతే సీసాలో గ్యాసు కూడా పెరిగి ఉంటుంది. వాత్స్యాయనుడి నురగా ఆకులూ ఇవే.

అయితే న్యాయదర్శనం ఇచ్చిన ఈ జవాబుకు ఒక ఖరీదుంది, దాన్ని ఒప్పుకోవాలి. విశేషాలు ఎరిగినవాడికే అది పనికొస్తుంది. పొంగిన ఏళ్లను పదిసార్లు చూడనివాడికి నురగ నురగే, గుర్తు కాదు. శేషవత్తు అనుమానం సూత్రంగా అందరిదీ అయినా, ఆచరణలో అనుభవజ్ఞుడి సొత్తుగానే మిగులుతుంది.

డయాసిటైల్ మరో పాత వాదాన్నీ కదిలిస్తుంది. కార్యం పుట్టకముందే కారణంలో అవ్యక్తంగా ఉంటుందని సాంఖ్యులు, పాలలో పెరుగు ఉన్నట్టు. లేదు, కార్యం కొత్తగా ఆరంభమవుతుందని నైయాయికులు. పులియడం ముగియవచ్చిన లాగర్ ఒకటి శుభ్రంగా తోచవచ్చు. వెన్న జాడ లేదు. దాన్ని సీసాల్లో పోసిన నెలకు వెన్న కంపు కొడుతుంది. అప్పుడు ఎవరూ ఏమీ కలపలేదు. ముందున్న అసిటోలాక్టేట్ తన పని తాను చేసుకుపోయింది. దీన్ని ముందే పట్టే పరీక్ష ఉంది. అదే బీరును రెండు చిన్న పాత్రల్లో తీసుకుంటారు. ఒకదాన్ని మూతపెట్టి 60 నుంచి 70 డిగ్రీల వేడినీటిలో పావుగంట నుంచి ఇరవై నిమిషాల దాకా ఉంచి, మళ్లీ చల్లార్చి, రెండూ ఒకే చల్లదనానికి వచ్చాక వాసన చూస్తారు. వేడిచేసినదానిలో మాత్రమే వెన్న ఉంటే బీరులో దాగిన వెన్న ఉన్నట్టు. ఇంకా రెండు మూడు రోజులు 16, 18 డిగ్రీల వెచ్చదనంలో ఈస్ట్ మీదే వదిలేయాలి. రెండింటిలోనూ లేకపోతేనే చల్లబరచడం.

ఈ పరీక్ష సాంఖ్యుల పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది, వేడి చేసిన పని అవ్యక్తాన్ని వ్యక్తం చేయడమే గదా అని. నైయాయికుడు ఊరుకోడు. ముందున్నది అసిటోలాక్టేట్, దానికి వెన్న వాసన లేదు. వాసన లేనిదాన్ని వెన్న అనడం ఏం న్యాయమంటాడు. పదార్థాల లెక్కలో నైయాయికుడిదే గెలుపు. పాత్ర ముందు నిలబడి, చల్లబరచాలా వద్దా అని తేల్చుకోవలసినవాడు మాత్రం సాంఖ్యుడిలా ఆలోచిస్తేనే నష్టపోడు.

చార్వాకులను కూడా ఇక్కడ తలచుకోవాలి, పులియబెట్టడాన్ని దర్శనాల్లోకి తెచ్చినవాళ్లు వాళ్లే. విడివిడిగా దేనిలోనూ లేని మత్తు కిణ్వాది ద్రవ్యాలు కలిస్తే పుట్టినట్టు, భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందని వారి వాదం. కిణ్వమంటే మద్యం పులియడానికి వేసే ద్రవ్యం, దాని తయారీని కౌటిల్యుడి అర్థశాస్త్రం సురాధ్యక్షుడి అధ్యాయంలో కొలతలతో సహా చెప్పింది. చైతన్యం సంగతి అలా ఉంచితే, బీరు విషయంలో ఈ మాటకు బలం ఉంది. నీరు, మాల్టు, హాప్స్, ఈస్ట్ నాలుగింటినీ విడివిడిగా వాసన చూసినా వెన్న ఎక్కడా దొరకదు. దోషి ఏ సంచిలో ఉన్నాడని వెతికేవాడు వట్టి చేతులతో తిరిగివస్తాడు.

మొక్కజొన్న వాసన కథ వేరు. దానికి మూలమైన డైమిథైల్ సల్ఫైడ్, లేతరంగు పిల్సనర్ మాల్టులోని ఒక పదార్థం వేడికి విడిపోవడం వల్ల పుడుతుంది. అందువల్ల 'పిల్సనర్ మాల్టు వాడితే మొక్కజొన్న వాసన వస్తుంది' అన్న వ్యాప్తి, అంటే మినహాయింపు లేని నియమం, చెప్పడం సులువు. అది తప్పు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పయినట్టే ఇదీ తప్పు. నిప్పుకు తడికట్టె తోడైతేనే పొగ; ఆ తడికట్టెను నైయాయికులు ఉపాధి అన్నారు. ఇక్కడి ఉపాధి గిన్నె మూత. డైమిథైల్ సల్ఫైడ్ 37 డిగ్రీలకే ఆవిరవుతుంది. మూత తీసి బాగా తెర్లించితే పుట్టింది పుట్టినట్టే ఎగిరిపోతుంది. మరిగే వేడిలో దాని మూలపదార్థం సగానికి తగ్గడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, అందుకే లేత లాగర్లను గంటన్నర మరిగించే అలవాటు. మంట ఆర్పాక గిన్నె నిదానంగా చల్లారితే, ఆ వేడికి సల్ఫైడ్ పుడుతూనే ఉంటుంది గాని బయటికి పోదు. మూత వేసి ఉడికించడం, మంట చాలకపోవడం, చల్లార్చడంలో ఆలస్యం, ఈ మూడింట్లో ఏదో ఒకటి లేకుండా మాల్టును నిందించడం సబబు కాదు.

మిగతా లోపాల్లో చాలావాటికి ఇంత చర్చ అక్కర్లేదు. పచ్చి ఆపిల్ వాసన ఎసిటాల్డిహైడ్‌ది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలు చేసే దారిలో చివరి మజిలీ అది, కాబట్టి బీరు ఇంకా పచ్చిదని అర్థం. కుళ్లిన గుడ్డు వాసన లాగర్ ఈస్ట్‌కు సహజం, నిలవలో చాలావరకు పోతుంది. తడిసిన అట్ట రుచి ప్రాణవాయువు తగిలి పాతబడినదానికి గుర్తు, దానికి మందు లేదు. వెలుతురు తగిలిన బీరు అమెరికాలోని స్కంక్ అనే జంతువు కంపు కొడుతుంది. హాప్స్ చేదును వెలుతురు విరగ్గొట్టడం వల్ల పుట్టే గంధక పదార్థం అది, లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలుస్తుంది. గోధుమరంగు సీసా దాన్ని అడ్డుకుంటుంది, పచ్చసీసా అంతగా అడ్డుకోదు, తెల్లసీసా అసలు అడ్డుకోదు. ఇది ఒక్కటీ దాదాపు తాళంచెవి లాంటిదే, ఎందుకంటే దీనికి మరో కారణం చెప్పడం కష్టం.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది కాకతాళీయాన్ని కారణమనుకోవడంలో. అన్నంభట్టు తర్కసంగ్రహంలో కారణానికి ఇచ్చిన లక్షణం, కార్యానికి ముందు నియతంగా ఉండటం. ఈ పుస్తకం తర్కం చదివే ప్రతివాడూ మొదట పట్టే పుస్తకం, దాని కర్త తెలుగువాడని, కృష్ణాతీరపు గరికపాడువాడని ప్రతీతి. ముందు ఉన్నదల్లా కారణం కాదని చెప్పడానికి తార్కికులు కుమ్మరి గాడిదను తెచ్చారు. మన్ను మోసుకొచ్చిన గాడిద ఆ కుండకు ముందే ఉంది, అయినా గాడిద లేకుండా కుండలు అవుతూనే ఉన్నాయి కాబట్టి అది అన్యథాసిద్ధం. బీరులో ఆసుపత్రి మందు వాసన వచ్చిందనుకుందాం. ఆ విడతకు కొత్త ప్లాస్టిక్ బకెట్టు కొన్నారు. నేరం బకెట్టు మీదకు పోతుంది. అదే రోజు వడబోసిన నీళ్లు అయిపోయి కుళాయి నీళ్లు పట్టారన్నది ఎవరికీ గుర్తుండదు. మందు వాసనకు పేరుపడిన కారణం నీటిలోని క్లోరిన్ లేదా క్లోరమైన్, మాల్టు తాలూకు ఫినాల్స్‌తో కలవడం. మరిగిస్తే క్లోరిన్ పోతుంది గాని క్లోరమైన్ అంత తేలికగా పోదు, పొటాషియం మెటాబైసల్ఫైట్ చిటికెడు వేస్తే రెండూ పోతాయి. బకెట్టు గాడిదా కాదా అన్నది ఆలోచనతో తేలదు. అదే బకెట్టులో మంచినీళ్లతో మరో విడత చేసి చూడాలి.

ఆ పనిని చరిత్రలో గొప్పగా చేసింది డెన్మార్క్‌లో ఎమిల్ క్రిస్టియన్ హన్సెన్. కార్ల్స్‌బర్గ్ బీరు చేదెక్కి చెడిపోతున్న రోజులవి. లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద వెలువరించిన గ్రంథం బీరు జబ్బులకు ప్రధానంగా బ్యాక్టీరియాను చూపించింది. ఈస్ట్ మంచిది, చొరబడినది చెడ్డది అన్న ఊహ అప్పటికి గట్టిపడింది. హన్సెన్ ఈస్ట్‌నే అనుమానించాడు. ఈస్ట్ అనే ఒక్క పేరు కింద పలు రకాలు కలిసి ఉన్నాయని తలచి, వాటిని ఒక్కొక్క కణం నుంచి విడిగా పెంచి, విడివిడిగా బీరు చేసి చూశాడు. కొన్ని రకాలు రుచి చెడగొట్టాయి, ఒకటి మంచి బీరు ఇచ్చింది. 1883లో కార్ల్స్‌బర్గ్ ఆ శుద్ధమైన ఈస్ట్‌తో బీరు చేయడం మొదలుపెట్టింది, యజమాని జాకబ్‌సెన్ దాన్ని దాచుకోకుండా ఇతర తయారీదారులకూ ఇచ్చాడు.

జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో తర్కగ్రంథంలో చెప్పిన భేదపద్ధతి ఇదే. అన్నీ సమానంగా ఉంచి ఒక్కటి మార్చితే, కార్యంలో వచ్చిన మార్పు ఆ ఒక్కదానిది. మన అన్వయవ్యతిరేకాలు కూడా అంతే, ఉంటే ఉండటం, లేకపోతే లేకపోవడం. కాని ఒక ముఖ్యమైన తేడా ఉంది. వాత్స్యాయనుడు ఒడ్డున నిలబడి ఏటిని చూశాడు. హన్సెన్ ఏటిని పాయలుగా చీల్చి ఒక్కొక్క పాయ విడిగా పారించాడు. వాన సంగతిలో ఒడ్డున నిలబడటం తప్ప గతి లేదు, బీరు సంగతిలో గతి ఉంది. ఉన్నా వాడుకోకపోవడం బద్ధకమే. మాల్టు కషాయాన్ని రెండు పాత్రల్లోకి పంచి, ఒకదానిలో చల్లదనం, రెండోదానిలో వెచ్చదనం పెట్టి చూడటం ఇంట్లోనూ సాధ్యమే. ఒకేసారి నీరు, ఈస్ట్, మాల్టు మూడూ మార్చేస్తే వచ్చే విడత బాగుండవచ్చు, ఎందుకు బాగుందో ఎప్పటికీ తెలియదు.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది. ఈ లోపం వస్తువులోనే ఉందా? లవంగం వాసన పుట్టించే ఈస్ట్ లాగర్‌లో చేరితే బీరు చెడిందంటారు, అదే వాసన లేకపోతే బవేరియా గోధుమబీరు పనికిరాదంటారు. కొన్ని చెక్ లాగర్లలో కాస్త వెన్న వాసన ఉంటే ఎవరూ ఫిర్యాదు చేయరు. తాటికల్లు పొద్దెక్కే కొద్దీ పులుస్తుంది, ఆ పులుపు తెలిసే తాగుతారు. అందువల్ల రుచిదోషమన్నది రసాయనం ఒక్కటే చెప్పగలిగేది కాదు, ఏ బీరు చేయబోయారన్న సంకల్పంతో ముడిపడింది. దాన్నుంచి దోషమంతా మనసు కల్పనే అనడం మాత్రం అతి. డయాసిటైల్ లీటరుకు ఎంతుందన్నది సంకల్పాన్ని బట్టి మారదు. దాన్ని దోషమని పిలవాలా వద్దా అన్నదే మారుతుంది.

కొన్నిసార్లు విశేషాలన్నీ చూసినా, పాత్రలు పంచి చూసినా తేలదు. ఈస్ట్ తక్కువ పడటం, త్వరగా చల్లబరచడం రెండూ ఒకే విడతలో జరిగి ఉండవచ్చు. ఎవరి వాటా ఎంతో విడదీయడానికి ఆ ఒక్క విడత చాలదు. అలాంటప్పుడు తయారీ పుస్తకంలో నచ్చిన కారణం రాసేసుకుంటే తర్వాతి విడతకు అది అబద్ధసాక్ష్యమవుతుంది. కారణం తేలలేదని రాయడమే సరైన నమోదు. తత్త్వజ్ఞానానికి తెలియవలసినవని గౌతముడు లెక్కపెట్టిన పదహారు పదార్థాల్లో సంశయం మూడోది, నిర్ణయం తొమ్మిదోది.